రెండో కొస

మా పత్రం చివరి పేజీలో మూడు గళ్ళుంటాయి. మనిషి మా లెక్కలోంచి వెళ్ళిపోయినప్పుడు వాటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. చనిపోయారు. చిరునామా దొరకలేదు. ఇష్టపడలేదు. మొదటి రెంటితో నాకు పేచీ లేదు. ఆ మూడోదాన్ని చూస్తేనే నాకు ఒళ్ళుమంట. ఇష్టపడలేదట! ఎందుకు ఇష్టపడలేదు, నిన్నటిదాకా కుర్చీ వేసి కూర్చోబెట్టిన మనిషి ఇవాళ తలుపెందుకు వేసుకుంది? అదేమీ అడగదు ఆ గడి.

నా పని ఇంటింటికీ వెళ్ళి అరవై ఐదు దాటినవాళ్ళని ప్రశ్నలడగడం. ఒకసారి అడిగి ఊరుకునేది కాదు. రెండేళ్ళకోసారి, అదే మనిషిని, అవే ప్రశ్నలు. మెట్లెక్కగలుగుతున్నారా, నిద్ర పడుతోందా, వారంలో ఎంతమందితో మాట్లాడారు, పది పదాలు చదివితే ఎన్ని గుర్తుంచుకున్నారు. వయసు మీదపడేకొద్దీ మనుషులు ఎలా మారతారో తెలుసుకోవాలని ఒక పరిశోధన సంస్థ పెట్టుకున్న లెక్క ఇది. పన్నెండేళ్ళ కిందట నాలుగు వందల పన్నెండు మందితో మొదలుపెట్టాం. ఇప్పుడు నూట ఎనభై ఏడు మంది మిగిలారు. నన్ను అందరూ ప్రశ్నలమ్మ అంటారు. ఎదుటే అంటారు కాబట్టి నాకేం బాధ లేదు.

ఏడో విడత మొదలైన వారంలోనే ఆఫీసుకి ఒక కార్డు వచ్చింది. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. "ఇకమీదట నన్ను పిలవవద్దు. నా పేరు తీసేయగలరు." రాసింది ఎక్స్ఛేంజి పెద్దమ్మ.

ఆవిడ ముప్ఫై మూడేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలితో కలిసి ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉంటుంది. అందరికంటే ముందు అపాయింట్‌మెంటు ఇచ్చేది, నేను ఐదు నిమిషాలు ఆలస్యమైతే గడియారం కేసి చూసేది. ఆవిడ మానేస్తుందని ఎవరైనా అంటే నేను పందెం కాసి ఓడిపోయేదాన్ని.

మొదటి విడత నాకు ఇప్పటికీ గుర్తే. పది పదాలు చదివాను. గొడుగు, ఇసుక, తాళం, పిల్లి, సబ్బు, వంతెన, కాగితం, సుత్తి, పాలు, కిటికీ. ఐదు నిమిషాలు వేరే ప్రశ్నలడిగి, ఇప్పుడు గుర్తున్నవి చెప్పండి అన్నాను. మామూలుగా ఎవరైనా కళ్ళు పైకెత్తి, చివర విన్నవి ముందు చెప్పేసి, మిగతావాటికి నీళ్ళు నములుతారు. ఈవిడ రెండు చేతులూ ఒళ్ళోంచి తీసి గాలిలో ఏవో గుచ్చుతున్నట్టు ఆడిస్తూ, "పిల్లికి పాలు. తాళానికి కిటికీ. గొడుగుకి వంతెన. సబ్బుకి ఇసుక. కాగితానికి..." అని ఆగి, "అది మాత్రం ఒంటిగా మిగిలింది" అంది. పదికి తొమ్మిది.

"ఇదేం పద్ధతండీ పెద్దమ్మగారూ?" అన్నాను.

"ఎక్స్ఛేంజి బోర్డు మీద వైరుకి రెండు కొసలుంటాయి కదమ్మాయ్. ఒకటి ఇటు గుచ్చితే రెండోది అటు గుచ్చాలి. ఒక్క కొస పట్టుకుని కూర్చుంటే మాట కలవదు. నా ఉద్యోగమంతా అదేగా!"

అలాంటి మనిషి పేరు తీసేయమంటోంది. నాకు కాలు నిలవలేదు. కార్డు పట్టుకుని, మా పత్రాల్లోని అంకెలన్నీ చూసే లెక్కల మేడమ్ గదికి వెళ్ళాను. ఆవిడ నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది, ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

"ఇష్టపడలేదు అని టిక్కు పెట్టేయండి" అంది.

"ఎందుకో కనుక్కోవద్దా?"

"కనుక్కుంటే మంచిదే. బలవంతం మాత్రం చేయకూడదు. వద్దనే హక్కు వాళ్ళకుంది."

"బలవంతమెందుకు చేస్తాను? ఎలాగూ మానేసే కాగితం మీద సంతకం తీసుకోవాలిగా. అప్పుడు అడుగుతాను. చెప్తే వింటాను, లేకపోతే వచ్చేస్తాను."

మేడమ్ కంప్యూటర్లో పెద్దమ్మ వివరాలు తీసింది. విడతవారీగా గుర్తున్న పదాలు: తొమ్మిది, పది, తొమ్మిది, ఎనిమిది, ఏడు. పోయిన విడత పది.

"అయ్యో, ఈవిడా? ఏడు నుంచి పదికి పెరిగింది. డెబ్భై ఆరేళ్ళప్పుడు! నేను ఈ కేసు గురించి ఒక పేజీ రాసుకున్నాను కూడా" అని కాసేపు ఆ అంకెల్నే చూసింది. "చూడండి, ఉన్నవాళ్ళ సంగతి మన కాగితాల్లో ఉంది. నన్ను తినేసేది వెళ్ళిపోయినవాళ్ళే. కులాసాగా ఉన్నవాళ్ళు విసుగొచ్చి పోయారా, బాగాలేనివాళ్ళు మొహం చాటేశారా? అది తెలియకపోతే మన లెక్క ఎటు ఒరిగిందో కూడా మనకి తెలియదు."

నేను నా బల్ల దగ్గరకి వచ్చి స్టీలు బీరువాలోంచి ఆవిడ ఆరు పత్రాలూ తీశాను. మా పద్ధతిలో ఒక చాదస్తం ఉంది. ఎన్ని పదాలు చెప్పారన్నదే కాకుండా, ఏ పదం ఎన్నోదిగా చెప్పారో దాని పక్కన అంకె వేయాలి. ఆ అంకెలు ఎవరూ చూడరు. నేను వేస్తూనే ఉన్నాను, అవి బీరువాలో పడుంటూనే ఉన్నాయి. ఆవేళ మొదటిసారి వరసగా చూశాను. మొదటి ఐదు పత్రాల్లోనూ అంకెలు చిందరవందరగా ఉన్నాయి. నాలుగోదాని పక్కన ఒకటి, తొమ్మిదోదాని పక్కన రెండు. అన్నీ జంటలే. ఆరో పత్రంలో మాత్రం ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటూ పై నుంచి కిందికి పదిదాకా, బడిపిల్లలు ప్రార్థనకి నిలబడ్డట్టు ఉన్నాయి.

ఆ ఆరో విడత నేను ఫోన్‌లో చేశాను. అంతకు వారం ముందు ఇంకొకరి ఇంటి మెట్ల మీద జారిపడి కాలికి సిమెంటు కట్టు వేయించుకుని మంచం మీదున్నాను. ఫోన్‌లో అవతలి గొంతు చక్కగా, స్పష్టంగా ఉంది. నేను పదాలు చదువుతుంటే ఏదో గరగరమంది. లైను బాగాలేదేమో అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది లైను కాదు. కాగితం మీద పెన్సిలు.

ఆవిడ చెల్లెలు ఒక పెద్ద ఆఫీసులో స్టెనోగా పనిచేసింది. ఎదుటివాళ్ళు ఎంత వేగంగా మాట్లాడినా పొల్లు పోకుండా షార్ట్‌హ్యాండ్‌లో దింపేస్తుందని పెద్దమ్మే నాకు గొప్పగా చెప్పింది.

ఆ పది అంకెలూ వేసింది నేనే. వేస్తున్నప్పుడు నాకు వింతగా అనిపించలేదని చెబితే అబద్ధమే అవుతుంది. అనిపించింది. కాలు సలుపుతోంది, ఇంకా ముగ్గురికి ఫోన్ చేయాలి, పోనీలే పది వచ్చాయి కదా అని సంతోషించి ఊరుకున్నాను. అందరి గుట్టూ ఆరా తీసేదాన్ని, నా చేతి కింది అంకెని నేను అడగలేదు.

మర్నాడు ఉదయం పదింటికి వాళ్ళ తలుపు తట్టాను. చెల్లెలు తీసింది. డెబ్భై రెండేళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా ఉంటుంది. అక్క మాత్రం ఇంకా బుజ్జీ అనే పిలుస్తుంది. నన్ను చూడగానే మొహంలో రంగు మారింది. ఒక రెక్క మాత్రమే తెరిచి దానికి అడ్డంగా నిలబడింది.

"అక్క పడుకుందండీ. ఒంట్లో కాస్త నలతగా ఉంది. మీరెందుకు ఇంతదూరం? పోయినసారిలా ఫోన్‌లో చేసేద్దాం. అదే హాయి" అంది గబగబా.

"ప్రశ్నలకి రాలేదు పిన్నిగారూ. కార్డు వచ్చింది కదా, మానేసే కాగితం మీద సంతకానికి వచ్చాను."

"ఏం కార్డు?"

సంచిలోంచి తీసి చూపించాను. ఆవిడ చదివింది. తిప్పి వెనక్కి చూసింది, మళ్ళీ చదివింది. ఆ చదివే తీరు చూస్తే తెలిసిపోయింది, ఈ కార్డు సంగతి ఆవిడకి బొత్తిగా తెలియదు. నేను దారి పొడుగునా అల్లుకున్న కథంతా అక్కడే తలకిందులైంది. చెల్లెలు తప్పు చేసి, బయటపడుతుందని భయపడి, అక్క చేత రాయించి ఉంటుందనుకున్నాను.

"ఇది అక్క రాతే" అంది చిన్నగా. ఆ తర్వాత తలుపు రెండో రెక్క కూడా తెరిచింది.

నేను ఆ ఇంటికి వచ్చి నాలుగేళ్ళైంది. గది అదే, కిటికీ పక్కన అవే రెండు పేము కుర్చీలు. కానీ కూర్చోబోతూ ఆగిపోయాను. కళ్ళజోడుకి ఒక దారం కట్టి ఉంది, దాని రెండో కొస మందుల డబ్బాకి. దువ్వెన నుంచి అద్దం మేకుకి ఒక దారం. డైరీకి పెన్ను. టీవీ రిమోటు నుంచి కుర్చీ చేతికి పచ్చ దారం. వంటింటి గుమ్మంలోంచి చూస్తే స్టవ్ లైటరు కూడా గోడ కొక్కేనికి దారంతో వేలాడుతోంది. ఎక్కడ చూసినా జంటలు. ఇల్లంతా ఎవరో శ్రద్ధగా, ముడులు గట్టిగా బిగించి కలిపారు.

"ఏడాదిన్నర నుంచి కడుతోంది" అంది చెల్లెలు. "ఎందుకక్కా అంటే ఇంట్లో వస్తువులకి కాళ్ళొచ్చాయే అని నవ్వేస్తుంది."

"పోయినసారి ఫోన్‌లో మాట్లాడింది మీరే కదా పిన్నిగారూ?"

ఆవిడ బుకాయించలేదు. కుర్చీ అంచు మీద కూర్చుని పమిట కొంగు వేలికి చుట్టుకుంది.

"మీరు ఫోన్ చేసే ముందురోజు సరదాగా చూద్దామని నేనే పది పదాలు చదివాను. నాలుగే చెప్పింది. ఇంకోసారి చదవమంది. మూడు చెప్పింది. ఆ రోజు అన్నం ముట్టుకోలేదండీ. మర్నాడు మీ ఫోన్ వచ్చేసరికి స్నానానికి వెళ్ళింది. పెద్దమ్మగారేనా అన్నారు మీరు. మా ఇద్దరి గొంతూ ఫోన్‌లో ఒకలాగే ఉంటుంది. ఊఁ అన్నాను. అన్నాక ఇంక ఎలా వెనక్కి తీసుకోను? పెన్సిలు చేతిలోనే ఉంది." కళ్ళు తుడుచుకుంది. "డాక్టరు దగ్గరికి వెళ్దామన్నా ఒప్పుకోదు. నేనెవరితోనూ అనలేదు. అంటే నిజమైపోతుందేమో అని. అక్కకి ఇదంతా తెలియదు. దయచేసి చెప్పకండి."

"నాకు తెలుసే బుజ్జీ."

పెద్దమ్మ లోపలి గది గుమ్మంలో నిలబడి ఉంది. జడ ఒకవైపు వదులుగా ఉంది గానీ, ఆ నిలబడే తీరు అదే. వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది.

"స్నానం చేసి వచ్చేసరికి నా పేరు చెప్పి నువ్వు మాట్లాడుతున్నావు. ముప్ఫై మూడేళ్ళు ఊళ్ళోవాళ్ళ మాటలు వినకూడదని ఒట్టు పెట్టుకుని చేశాను ఉద్యోగం. నా ఇంట్లో నా మాటలే నేను చాటుగా వినాల్సి వచ్చింది. అదొక్కటీ మాత్రం మర్చిపోదామన్నా పోవడం లేదు."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట..."

"నా కోసం అబద్ధమాడావని తెలిసి నిన్నేమని అడగనే? ప్రశ్నలమ్మ మళ్ళీ వస్తుంది, ఈసారి ఎదురుగా కూర్చుంటుంది. నేను చెప్పలేకపోతే పోయినసారి పది ఎక్కడి నుంచి వచ్చాయి అంటుంది. నీ మీదకి వస్తుందని నేనే తప్పుకున్నాను. కార్డు రాసి కింద వాచ్‌మన్ చేత పోస్టులో వేయించాను."

అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో రెండేళ్ళపాటు ఒకరినొకరు కాపాడుకుంటూ ఒక్క మాటా అనుకోలేదు. నాకు వాళ్ళ మీద కోపమొచ్చింది, నా మీద అంతకంటే ఎక్కువొచ్చింది, రెంటినీ మించి ఏడుపొచ్చింది.

"పెద్దమ్మగారూ, పిన్నిగారి మీదకి ఎవరూ రారు" అన్నాను. "తప్పు నాది. మీ జంటలు లేకుండా పది పదాలూ వరసగా వస్తుంటే నేను అక్కడే ఆగాలి. ఆగలేదు. అది మా మేడమ్‌కి నేనే చెప్పి ఆ పది కొట్టేయిస్తాను. ఇక మీరు మానేయాలంటే మానేయొచ్చు. ఇదిగో కాగితం. నేను బతిమాలను."

ఆవిడ కాగితం అందుకుంది. కళ్ళజోడు కోసం దారం పట్టుకుని లాగితే మందుల డబ్బా కూడా వెంట వచ్చింది. రెండూ ఒళ్ళో పెట్టుకుని చదివింది. మూడు గళ్ళ దగ్గర వేలు ఆగింది.

"మిగతావాళ్ళు ఎందుకు మానేశారు?"

"చాలామంది చెప్పరండీ. పనుందంటారు. తలుపు తీయరు."

"వాళ్ళలో నాలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు?"

"తెలియదు. అదే మా మేడమ్ బాధ."

ఆవిడ కిటికీలోంచి చూస్తూ ఆలోచించింది. ఎక్స్ఛేంజిలో తెగిపోయిన లైను వెతికేటప్పుడు కూడా ఇలాగే ఉండేదేమో. తొందర లేదు, వదిలిపెట్టడమూ లేదు.

"అంటే, మర్చిపోయేవాళ్ళం సిగ్గుపడి ఒక్కొక్కళ్ళం లేచిపోతాం. గుర్తున్నవాళ్ళు కూర్చుంటారు. చివరికి మీ కాగితాల్లో ముసలాళ్ళందరూ సుబ్బరంగా ఉన్నట్టు తేలుతుంది. ఎక్కడో నాలాంటిది ఇంట్లో కూర్చుని, అందరూ బాగానే ఉన్నారు, నాకొక్కదానికే ఇలా అయిందేమో అనుకుంటుంది. అంతేనా అమ్మాయ్?"

పన్నెండేళ్ళలో మా పని గురించి నాకు ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. "అంతే పెద్దమ్మగారూ" అన్నాను.

ఆవిడ మానేసే కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చేసింది. "అయితే చదువు నీ పదాలు. బుజ్జీ, నువ్వు ఆ పెన్సిలు అవతల పెట్టు."

చదివాను. చీపురు, గుర్రం, అద్దం, దారం, బావి, పుస్తకం, ఉప్పు, సూది, రైలు, దిండు. వెంటనే చెప్పమంటే మూడు చెప్పింది. మూడూ రాసుకున్నాను. ఆ తర్వాత ఐదు నిమిషాలు నిద్ర గురించీ మెట్ల గురించీ అడిగాను. మెట్లు బాగానే ఎక్కుతోంది. నిద్ర మాత్రం చెల్లెలి గురక వల్ల సరిగా పట్టడం లేదంది. గురక నాది కాదు, నీదే అంది చెల్లెలు. ముగ్గురం నవ్వాం.

"ఇప్పుడు ఇందాకటి పదాల్లో గుర్తున్నవి చెప్పండి."

ఆవిడ చేతులు ఒళ్ళోంచి పైకి లేచాయి. కుడిచెయ్యి గాలిలో ఒకచోట ఆగింది. "దారం" అంది. ఎడమచెయ్యి అటూ ఇటూ వెతికింది.

"దీన్ని దేనికో కలిపాను. కలపడం గుర్తుంది. అవతల ఎవరో ఉన్నారు. పలకడం లేదు."

చెల్లెలు పెదవులు బిగబట్టుకుని కూర్చుంది. ఆ ఒక్క మాట ఆవిడ నాలుక మీదే ఉందని నాకు తెలుసు, నా నాలుక మీదా ఉంది. మేమిద్దరం కుక్కిన పేనుల్లా కూర్చున్నాం. గోడ గడియారం ఒక నిమిషం తిరిగింది. పెద్దమ్మ చేతులు దించేసింది.

"ఒకటి. రాసుకో" అంది.

రాశాను. దారం పక్కన ఒకటి అని అంకె వేశాను. తర్వాత సంచిలోంచి ఇంకో పత్రం తీశాను. ఇలాంటప్పుడు ఇంట్లో దగ్గరివాళ్ళు నింపడానికి మా దగ్గర వేరే పత్రం ఉంటుంది. పన్నెండేళ్ళుగా దాన్ని సంచిలో మోస్తున్నాను, ఆ ఇంట్లో ఒక్కసారీ బయటికి తీయలేదు. చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టి మొదటి ప్రశ్న చదివాను. గత రెండేళ్ళలో మీ వాళ్ళ జ్ఞాపకశక్తి మెరుగైందా, అలాగే ఉందా, తగ్గిందా?

ఆవిడ అక్క కేసి చూసింది. పెద్దమ్మ చెయ్యి చాచి చెల్లెలి మోకాలి మీద వేసింది. "వరసగా చెప్పవే, నీ అలవాటేగా" అంది.

"తగ్గింది" అంది చెల్లెలు. అని భోరుమంది. పెద్దమ్మ ఆవిడ వీపు నిమురుతూ, "ఊరుకోవే, అనేశావుగా. ఇక డాక్టరు దగ్గరికి కూడా పోదాంలే, నువ్వే తీసుకెళ్ళు" అంది.

పత్రాలు పూర్తయ్యేసరికి పన్నెండున్నర దాటింది. ప్రతి విడతలోనూ ఆఖరున ఒక ప్రశ్న ఉంటుంది. రెండేళ్ళ తర్వాత మళ్ళీ రావచ్చా? ఎదురుగా కూర్చున్న ఐదు విడతల్లోనూ ఆవిడ, నేను అడగడం పూర్తికాకుండానే, ఆ రావచ్చు రావచ్చు, ఆలస్యం మాత్రం చేయకు అనేది. ఈసారి పూర్తిగా అడగనిచ్చింది. అడిగాక కాసేపు నా మొహంలోకి చూసింది, కనుబొమల నుంచి గడ్డం దాకా, నిదానంగా.

"రా అమ్మాయ్. నేను నిన్ను గుర్తుపట్టకపోయినా రా. గుర్తుపట్టలేదని రాసుకో."

రావచ్చు అన్న గడిలో టిక్కు పెట్టాను.